శుక్లం ఆపరేషన్‌కు సిద్ధం కావడం: పరీక్షల నుంచి రెండో కన్ను దాకా

శుక్లం ఆపరేషన్ సాధారణంగా పావుగంట, ఇరవై నిమిషాల్లో ముగుస్తుంది. ఆ తరువాత చూపు ఎంత హాయిగా ఉంటుందన్నది మాత్రం చాలావరకు అంతకు ముందున్న రెండు మూడు వారాల్లోనే తేలిపోతుంది. కంటి కొలతలు ఎంత శ్రద్ధగా తీశారు, వాడుతున్న మందులన్నిటి గురించీ డాక్టరుకు చెప్పారా లేదా, ఎంచుకున్న లెన్సు ఆ మనిషి రోజువారీ పనికి సరిపోతుందా, ఇంటికి వచ్చాక వేళకు చుక్కల మందు వేసే మనిషి ఉన్నారా అన్న విషయాలు ఆపరేషన్ ఎంత ముఖ్యమో అంతే ముఖ్యం. నేను వైద్యుడిని కాను. మా ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్ళకు, మొత్తం ఐదు కళ్ళకు ఈ ఆపరేషన్ దగ్గరుండి చేయించాను. మొదటి కంటి సమయంలో తెలియక చేసిన పొరపాట్లను ఐదో కంటికి వచ్చేసరికి ఎలా సరిదిద్దుకున్నామో దృష్టిలో పెట్టుకుని ఈ క్రమాన్ని రాస్తున్నాను. మీ డాక్టరు చెప్పిన మాటకు, ఇక్కడ ఉన్న మాటకు తేడా వస్తే డాక్టరు మాటే పాటించండి.

ముందుగా తేల్చుకోవలసింది: ఎప్పుడు చేయించాలి

మన ఊళ్ళలో శుక్లాన్ని "పొర" అంటారు. ఆ మాట వల్ల కంటి పైభాగాన ఏదో పల్చటి తెర పెరిగిందని, దానిని గీకి తీసేస్తారని చాలామంది అనుకుంటారు. నిజానికి కంటిపాప వెనుక పుట్టుకతో ఉండే లెన్సే వయసుతోపాటు మసకబారుతుంది. మధుమేహం, ఎక్కువకాలం స్టెరాయిడ్ మందులు వాడటం, కంటికి దెబ్బ తగలడం, పొగతాగడం దానిని తొందరపెడతాయి. లోపలి లెన్సు మసకబారినప్పుడు పైనుంచి వేసే ఏ చుక్కల మందూ దానిని తేటపరచలేదు. నందివర్ధనం పూలు కళ్ళ మీద పెట్టుకుంటే చల్లగా ఉంటుందేమో గాని శుక్లం కరగదు. కంట్లో తేనె, ఆకు పసరు, చనుబాలు పోయడం మాత్రం ప్రమాదకరం, ఎందుకంటే వాటితో నల్లగుడ్డు (కంటి ముందుభాగంలో ఉండే పారదర్శకమైన పొర, కార్నియా) మీద పుండు పడితే ఆ తరువాత ఎంత మంచి ఆపరేషన్ చేసినా చూపు పూర్తిగా రాకపోవచ్చు.

"పొర బాగా ముదిరాక చేయిద్దాం" అన్నది మరో పాత మాట. పెద్ద కోత పెట్టి లెన్సును మొత్తంగా బయటికి తీసిన రోజుల్లో ఆ మాటకు కొంత అర్థం ఉండేది. ఇప్పుడు ఎక్కువగా చేసే ఫేకో పద్ధతిలో మూడు మిల్లీమీటర్ల కంటే తక్కువ కోతలోంచి సన్నని సూదిలాంటి పరికరాన్ని పంపి, అల్ట్రాసౌండ్ కంపనాలతో లెన్సును ముక్కలు చేసి పీల్చేస్తారు. లెన్సు ఎంత గట్టిపడితే అంత ఎక్కువ శక్తి వాడవలసి వస్తుంది, నల్లగుడ్డు లోపలి కణాలకు అంత ఒత్తిడి పడుతుంది. మరీ ముదిరిపోయిన శుక్లం ఉబ్బి కంటి లోపలి ఒత్తిడిని పెంచితే భరించలేని నొప్పి, ఎరుపు, వాంతులు వస్తాయి. అది వెంటనే ఆసుపత్రికి పరుగెత్తవలసిన స్థితి.

అలాగని శుక్లం కనబడగానే చేయించాలని కూడా లేదు. రోజువారీ పనికి చూపు అడ్డం పడటం మొదలైనప్పుడు చేయించుకోవడం సరైన సమయం. బియ్యంలో రాళ్ళు కనిపించకపోవడం, దూరం నుంచి వస్తున్న బస్సు నంబరు దగ్గరికి వచ్చే వరకు తెలియకపోవడం, రాత్రి ఎదురుగా వచ్చే బండి లైటు కళ్ళలో పగిలినట్టు చెదిరిపోవడం, ఉతికిన పంచె కూడా పసుపు పట్టినట్టు కనిపించడం, ఏడాదిలో రెండుసార్లు కళ్ళద్దాల పవరు మారడం గమనించవలసిన సూచనలు. కొందరికి ఉన్నట్టుండి దగ్గరి చూపు మెరుగై, అద్దాలు లేకుండానే పేపరు చదవగలుగుతారు. చూపు తిరిగి వచ్చిందని సంతోషించేవారుంటారు గాని, అది లెన్సు గట్టిపడి పవరు మారడం వల్ల కొంతకాలం కనిపించే మార్పు మాత్రమే.

వేసవిలో కంటి ఆపరేషన్ చేయించకూడదని, సంక్రాంతి లోపే చేయించాలని ఆగేవారు ఇంకా ఉన్నారు. ఆపరేషన్ గదిలో వాతావరణం ఏ నెలలోనైనా ఒకటే. చెమట, దుమ్ము విషయంలో ఇంటి దగ్గర కొంత ఎక్కువ జాగ్రత్త పడితే మే నెలలో చేయించుకున్నా తప్పు లేదు.

ఎక్కడ చేయించాలి

దేశంలో 1976లో మొదలైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లోను, అందులో భాగమైన స్వచ్ఛంద ఆసుపత్రుల్లోను శుక్లం ఆపరేషన్ ఉచితంగా చేస్తారు. హైదరాబాదు మెహిదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రి, విశాఖపట్నంలోని ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఇందుకు పేరున్నవి. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ డబ్బు చెల్లించలేనివారికి ఉచితంగా వైద్యం చేస్తుంది, పల్లెల్లోని దాని దృష్టి కేంద్రాల ద్వారా పెద్ద ఆసుపత్రికి పంపుతుంది కూడా. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన ప్రభుత్వ కంటి వెలుగు పరీక్షల్లో తమకు శుక్లం ఉందని మొదటిసారి తెలుసుకున్నవారు ఎందరో ఉన్నారు. అలాంటి శిబిరంలో చీటీ రాసిచ్చి ఉంటే దానిని ఇంట్లో పెట్టుకుని మరచిపోకండి. శిబిరం పరీక్షలకే పరిమితం కావాలి. ఆపరేషన్ మాత్రం సరైన థియేటరు ఉన్న ఆసుపత్రిలోనే జరగాలి, ఆ విషయం ముందే అడిగి తెలుసుకోండి.

ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడు భవనం కంటే దూరాన్ని ఎక్కువగా చూడమని నా సలహా. ఆపరేషన్ తరువాత మరునాడు, వారానికి, నెలకు చూపించుకోవాలి, మధ్యలో ఏదైనా ఇబ్బంది వస్తే అర్ధరాత్రయినా వెళ్ళగలగాలి. బస్సు మారి మారి వెళ్ళవలసిన చోటయితే మొదటి రెండు మూడు రోజులైనా ఆ ఊళ్ళో బంధువుల ఇంట్లో ఉండే ఏర్పాటు చేసుకోవాలి.

ఆరోగ్య బీమా ఉన్నవారు రెండు సంగతులు చూసుకోవాలి. చాలా పాలసీల్లో శుక్లం ఆపరేషన్‌కు పాలసీ తీసుకున్న తరువాత రెండేళ్ళ వరకు నిరీక్షణ కాలం ఉంటుంది, ఒక్కో కంటికి ఇంత అని పరిమితి కూడా ఉంటుంది. లెన్సు ఎంచుకున్న తరువాత ఆ పరిమితి తెలిస్తే మనసు కష్టపడుతుంది గనుక ముందే కనుక్కోండి.

కొలతల రోజు

నన్ను అడిగితే మొత్తం ప్రయాణంలో అన్నిటికంటే ముఖ్యమైన రోజు ఇదే. తీసేసిన లెన్సు స్థానంలో పెట్టే కృత్రిమ లెన్సు పవరును కంటి పొడవు, నల్లగుడ్డు వంపు కొలిచి లెక్కకడతారు. మామూలు కన్ను పొడవు సుమారు 23, 24 మిల్లీమీటర్లు ఉంటుంది. ఆ కొలతలో ఒక్క మిల్లీమీటరు తప్పితే ఆపరేషన్ తరువాత కళ్ళద్దాల పవరు రెండున్నర, మూడు డయాప్టర్ల వరకు మారిపోతుంది. కత్తి ఎంత నేర్పుగా కదిలినా ఆ తప్పును సరిదిద్దలేదు.

యంత్రం ముందు గడ్డాన్ని ఆనించి, నుదుటిని పట్టీకి తాకించి, లోపల కనిపించే చిన్న వెలుగును రెప్పవేయకుండా కొన్ని క్షణాలు చూడమంటారు. మా అమ్మగారు మొదటిసారి ఆ కుర్చీ అందక మునివేళ్ళ మీద నిలబడినట్టు కూర్చున్నారు. మెడ నొప్పితో తల ప్రతిసారీ కొద్దిగా వెనక్కి జరిగేది, రెప్ప వాలిపోయేది. అక్కడి అమ్మాయి ఓపికగా కుర్చీ ఎత్తు మార్చి, కాళ్ళ కింద చిన్న పీట పెట్టి మళ్ళీ తీసింది. మొదటి కొలతకు, రెండో కొలతకు మధ్య తేడా తెర మీద స్పష్టంగా కనిపించింది. అందుచేత పెద్దవాళ్ళకు ఇబ్బందిగా ఉంటే మొహమాటపడకుండా చెప్పించండి, రెండోసారి తీయమని అడగడంలో తప్పేమీ లేదు.

కొలతలకు ముందు కొన్ని జాగ్రత్తలు అవసరం. కాంటాక్టు లెన్సులు నల్లగుడ్డు వంపును తాత్కాలికంగా మారుస్తాయి గనుక మెత్తని రకం వాడేవారు వారం రెండు వారాల ముందు నుంచి, గట్టి రకం వాడేవారు అంతకంటే ఎక్కువ రోజుల ముందు నుంచి డాక్టరు చెప్పినట్టు మానేయాలి. కళ్ళు పొడిబారి మంటలు ఉన్నవారికి కొన్నాళ్ళు తడినిచ్చే చుక్కలు వాడిన తరువాతే నమ్మదగిన కొలత వస్తుంది. ఎప్పుడో లాసిక్ (కళ్ళద్దాల అవసరం తగ్గించేందుకు నల్లగుడ్డు మీద లేజరుతో చేసే ఆపరేషన్) చేయించుకున్నవారు ఆ సంగతి తప్పనిసరిగా చెప్పాలి, పాత కాగితాలు దొరికితే తీసుకువెళ్ళాలి, ఎందుకంటే వారికి లెన్సు పవరు లెక్కకట్టే సూత్రమే వేరు.

అదే రోజు కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేసి కంటి వెనుక ఉన్న రెటీనాను, కంటి నరాన్ని చూస్తారు. శుక్లం బాగా ముదిరి లోపలికి చూపు ఆనకపోతే అల్ట్రాసౌండ్ స్కాను తీస్తారు. ఆపరేషన్ తరువాత ఎంత చూపు ఆశించవచ్చో ఈ పరీక్షే చెబుతుంది. మధుమేహం వల్ల రెటీనా దెబ్బతిన్నా, గ్లాకోమా (నీటికాసులు) వల్ల నరం క్షీణించినా శుక్లం తీసినంత మాత్రాన పూర్తి చూపు రాదు. "ఈ కంటికి ఎంతవరకు చూపు వస్తుందని మీరు అనుకుంటున్నారు?" అని ఆ రోజే అడిగి తెలుసుకుంటే తరువాత నిరాశపడవలసిన పని ఉండదు. చుక్కలు వేశాక కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది గనుక ఒంటరిగా వెళ్ళకండి, బండి నడపకండి.

ఊరికే నీళ్ళు కారే కన్ను ఉంటే, కంటికీ ముక్కుకూ మధ్య ఉన్న కన్నీటి సంచిలో చీము ఉందేమోనని చిన్న గొట్టంతో నీళ్ళు పంపి చూస్తారు. అక్కడ చీము ఉంటే ముందు దానికి వైద్యం జరగాలి. కంటి కురుపు, పంటి చీము, కాలి పుండు, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా ముందు నయం చేసుకోవలసిందే. రక్తపరీక్షలు, బీపీ, షుగరు, అవసరమైతే ఈసీజీ మామూలుగా జరిగిపోతాయి.

మందుల సంచి

కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నిటినీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. రాసుకుని వెళ్ళిన చీటీ కంటే అసలు స్ట్రిప్పులే మేలు. "ఇది కంటికి సంబంధించినది కాదు కదా" అని దేనినీ పక్కన పెట్టకండి. మా నాన్నగారి మొదటి కంటి సమయంలో సరిగ్గా అదే జరిగింది. షుగరు మాత్రలు, బీపీ మాత్రలు చూపించాం, రాత్రి పడుకునే ముందు వేసుకునే మూత్రం మాత్ర సంగతి ఆయన సిగ్గుపడి చెప్పలేదు, మాకూ తోచలేదు. ప్రొస్టేటు గ్రంథి వాపుకు వాడే టామ్‌సులోసిన్, సిలొడోసిన్ వంటి మందులు కంటిపాప చుట్టూ ఉండే కండరాన్ని వదులు చేస్తాయి. ఆపరేషన్ మధ్యలో కంటిపాప కుంచించుకుపోయి, దాని చుట్టూ ఉన్న భాగం మెత్తని గుడ్డలా అల్లాడుతుంది. 2005లో ఇద్దరు అమెరికా వైద్యులు ఈ సంబంధాన్ని గుర్తించి ప్రకటించారు. నాన్నగారికి పావుగంటలో కావలసిన ఆపరేషన్‌కు గంట దగ్గర పట్టింది, కన్ను వారం పాటు ఎర్రగా ఉంది. ముందే తెలిస్తే సర్జన్ కంటిపాపను పట్టి ఉంచే చిన్న రింగులు, తగిన మందులు సిద్ధం చేసుకుంటారు, రెండో కంటికి అలాగే చేశారు, ఏ ఇబ్బందీ రాలేదు. ఈ మాత్రను మానేసినా దాని ప్రభావం చాలాకాలం ఉండిపోవచ్చు గనుక సొంతంగా ఆపడం వల్ల ప్రయోజనం లేదు, చెప్పడం వల్లనే ఉంది.

గుండెకు స్టెంటు వేయించుకున్నవారు, పక్షవాతం వచ్చినవారు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటి రక్తాన్ని పలచబరిచే మందులు వాడుతుంటారు. ఆపరేషన్ అనగానే రక్తం కారుతుందని భయపడి వాటిని తామే ఆపేసేవారు ఉన్నారు. ఫేకోలో కోత పెట్టే నల్లగుడ్డులో రక్తనాళాలే ఉండవు, చుక్కల మత్తుతో చేసే ఆపరేషన్‌కు చాలాసార్లు ఆ మందులు కొనసాగించమనే చెబుతారు. కన్ను బాగుకావాలని గుండెను ప్రమాదంలో పడేయకండి. ఆపాలా వద్దా అన్నది కంటి డాక్టరు, గుండె డాక్టరు కలిసి తేల్చవలసిన మాట.

గ్లాకోమా చుక్కలు వాడేవారు వాటిని మానకూడదు. ఆయుర్వేదం, హోమియో మందులున్నా చెప్పాలి. ఏదైనా మందు, అయోడిన్, మత్తు సూది పడని చరిత్ర ఉంటే కేసు షీటు మీద రాయించాలి. పది నిమిషాలు వెల్లకిలా పడుకుంటే ఆయాసం వచ్చేవారు, ఆగని దగ్గు ఉన్నవారు, చెవులు సరిగా వినపడనివారు, చేతులు వణికేవారు ఆ సంగతులు కూడా దాచకూడదు.

లెన్సు ఎంచుకోవడం

కంటిలో కృత్రిమ లెన్సు పెట్టడం 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ చేతుల మీదుగా మొదలైంది. యుద్ధంలో విమానం అద్దాల ప్లాస్టిక్ ముక్కలు కంట్లో గుచ్చుకున్న పైలట్లకు ఆ ముక్కల వల్ల కంటికి పెద్ద ఇబ్బంది కలగకపోవడాన్ని గమనించి ఆయన ఆ ఆలోచన చేశారు. 1992లో మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రికి అనుబంధంగా ఆరోల్యాబ్ మొదలై లెన్సులు ఇక్కడే తయారుచేయడం వల్ల మన దేశంలో సామాన్యులకు కూడా అవి అందుబాటు ధరకు వచ్చాయి. ఈనాడు దుకాణంలో చీరలు పరిచినట్టు లెన్సుల రకాలు, ధరల పట్టిక ముందు పెడతారు. అక్కడ తొందరపడి సంతకం చేయకండి, ఒక రోజు గడువు అడిగి ఇంట్లో మాట్లాడుకోండి.

మోనోఫోకల్ లెన్సు ఒకే దూరానికి స్పష్టంగా చూపిస్తుంది. సాధారణంగా దూరపు చూపుకు అమరుస్తారు, చదవడానికి అద్దాలు కావాలి. అడ్డపవరు, అంటే సిలిండరు పవరు ఎక్కువగా ఉన్నవారికి టోరిక్ లెన్సు దానిని సరిచేస్తుంది. మల్టీఫోకల్, ట్రైఫోకల్ లెన్సులు దూరం, దగ్గర రెండింటికీ అద్దాల అవసరాన్ని తగ్గిస్తాయి, అయితే రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కనిపించవచ్చు, మసక వెలుతురులో స్పష్టత కొంత తగ్గవచ్చు. రాత్రుళ్ళు లారీ, కారు నడిపేవారికి, మధుమేహంతో రెటీనా దెబ్బతిన్నవారికి, గ్లాకోమా ఉన్నవారికి ఇవి సాధారణంగా సరిపడవు.

ఖరీదు ఎక్కువైనంత మాత్రాన చూపు మెరుగవుతుందని అనుకోవద్దు. నాలుగు కళ్ళకు మేము మోనోఫోకలే పెట్టించాం. "అమ్మకు తక్కువది పెట్టించామా" అని బాధపడే కొడుకులకు, కూతుళ్ళకు నేను చెప్పే మాట ఒక్కటే: మంచి కొలతలతో పెట్టిన మామూలు లెన్సు, కొలత తప్పిన ఖరీదైన లెన్సు కంటే ఎన్నో రెట్లు మేలు.

డాక్టరును అడగవలసిన అసలు ప్రశ్న "ఏ కంపెనీ లెన్సు?" అన్నది కాదు, "నా కన్నును ఎంత దూరానికి అమరుస్తున్నారు?" అన్నది. చిన్నప్పటి నుంచి మైనస్ పవరు ఉండి, అద్దాలు తీసి పుస్తకం ముఖానికి దగ్గరగా పెట్టుకుని చదివే అలవాటున్న పెద్దాయనకు దూరపు చూపుకు లెన్సు అమరిస్తే ఆ సుఖం పోతుంది. నగలు చేసేవారు, మగ్గం పని చేసేవారు, రోజంతా కుట్టుమిషను ముందు కూర్చునేవారు తమ పని ఎంత దూరంలో ఉంటుందో చేత్తో కొలిచి చూపించండి. దానిని బట్టి దగ్గరి చూపుకు అమర్చే వీలు, ఒక కన్ను దూరానికి మరొకటి దగ్గరకు అమర్చే వీలు కూడా ఉంటుంది.

ఇక్కడే మరో మాట. ఫేకోను చాలామంది "లేజరు ఆపరేషన్" అంటారు గాని దానిలో లేజరు ఉండదు, లేజరు వాడే పద్ధతి వేరుగా ఉంది, ధర కూడా వేరు. బాగా గట్టిపడిన శుక్లానికి ఆరేడు మిల్లీమీటర్ల కోతతో, చాలావరకు కుట్లు లేకుండా, చేతితో చేసే పద్ధతిని సర్జన్ సూచిస్తే అదేదో తక్కువ రకం వైద్యమని భావించవద్దు. అలాంటి కంటికి అదే భద్రమైనది కావచ్చు.

ఆపరేషన్‌కు ముందు వారం

ఇంటి ఏర్పాట్లు ఈ వారంలో పూర్తి కావాలి. మొదటి రెండు వారాలు చుక్కల మందు వేసే మనిషి ఎవరో పేరుతో సహా నిర్ణయించుకోండి. పిల్లలు అమెరికాలోనో, బెంగళూరులోనో ఉండే ఇళ్ళలో, దొరికిన రెండు వారాల సెలవులో రెండు కళ్ళూ చేయించి వెళ్ళిపోవాలని తొందరపడటం చూస్తుంటాను. నెల రోజుల పాటు చుక్కల మందు ఉంటుంది, మూడుసార్లు ఆసుపత్రికి వెళ్ళాలి. ఆ లెక్క వేసుకుని, మీరు వెళ్ళాక ఎవరు చూస్తారో ముందే అనుకోండి.

చుక్కలు వేయడం ఇప్పుడే సాధన చేయాలి. తడినిచ్చే చుక్కల సీసా ఒకటి కొని, డాక్టరును అడిగి దానితో నేర్చుకోవచ్చు. చేతులు సబ్బుతో కడుక్కుని, పెద్దవారిని పడుకోబెట్టో, తల వెనక్కి వాల్చి కూర్చోబెట్టో, కింది రెప్పను వేలితో మెల్లగా కిందికి లాగితే చిన్న దొన్నెలాంటి చోటు ఏర్పడుతుంది. సీసా మొన రెప్పవెంట్రుకలకు తగలకుండా ఆ దొన్నెలో ఒకే ఒక్క చుక్క వేయాలి. పైకి చూడమంటే చుక్క పడటం వారికి కనిపించదు, ఉలిక్కిపడరు. తరువాత కన్ను నెమ్మదిగా మూసి, ముక్కు పక్కన ఉండే మూలను వేలితో ఒక నిమిషం ఒత్తిపట్టాలి, లేకపోతే మందు గొంతులోకి దిగిపోతుంది. ఆపరేషన్ తరువాత మాత్రం కంటిగుడ్డు మీద ఒత్తిడి పడకుండా, ఎముక ఉన్నచోట తేలికగా పట్టుకోవాలి. రెండు రకాల చుక్కల మధ్య అయిదు నిమిషాలు ఆగాలి. మేము ఒక సీసాకు రబ్బరు బ్యాండు చుట్టి గుర్తుపెట్టుకున్నాం, గోడ క్యాలెండరు మీద వేసిన ప్రతిసారీ గీత గీసేవాళ్ళం.

క్షవరం, తలకు రంగు, మొక్కు ఉన్నవారు తలనీలాలు ఈ వారంలోనే పూర్తిచేసుకోండి, ఆపరేషన్ తరువాత కొన్ని వారాలు కుదరదు. యాంటీబయాటిక్ చుక్కలు ముందు రోజుల నుంచి వేయమని రాసి ఉంటే వేళ తప్పకుండా వేయండి. ఈ మధ్యలో కన్ను ఎర్రబడినా, ఊసి కట్టినా, జ్వరం, దగ్గు వచ్చినా ఆసుపత్రికి ఫోను చేసి చెప్పండి. వారం వాయిదా పడితే నష్టమేమీ లేదు.

ఆపరేషన్ రోజు

ఉదయం తలస్నానం చేసి, ముఖాన్ని సబ్బుతో శుభ్రంగా కడుక్కోవాలి. కాటుక, పౌడరు, తలనూనె, విభూతి, నగలు ఏవీ ఉండకూడదు. తల మీదుగా తొడిగే బట్టలకు బదులు ముందు గుండీలున్న వదులు చొక్కాయో, జాకెట్టో వేసుకుంటే తిరిగి వచ్చాక మార్చుకోవడం సులువు. చుక్కల మత్తుతో చేసేటప్పుడు చాలాచోట్ల తేలికపాటి ఫలహారం చేసి రమ్మంటారు, నిద్రమత్తు ఇచ్చేటట్టయితే ఖాళీ కడుపుతో రమ్మంటారు. షుగరు ఉన్నవారు ఈ సంగతి ముందు రోజే స్పష్టంగా అడగాలి, ఎందుకంటే తినకుండా మాత్రో, ఇన్సులినో వేసుకుంటే షుగరు పడిపోయి కళ్ళు తిరుగుతాయి. బీపీ మాత్ర సాధారణంగా కొద్దిపాటి నీళ్ళతో వేసుకోమనే చెబుతారు.

కంటిపైన నుదుట గుర్తు పెడతారు, పేరు, ఏ కన్ను అని ఒకటికి పదిసార్లు అడుగుతారు. విసుక్కోకుండా ప్రతిసారీ స్పష్టంగా చెప్పండి, పొరపాటు జరగకుండా ఉండేందుకే ఆ ఏర్పాటు. అంగీకార పత్రం మీద సంతకం పెట్టే ముందు కన్ను, లెన్సు పేరు, పవరు చదివించుకోండి.

లోపల ముఖమంతా గుడ్డ కప్పి కన్ను మాత్రమే తెరిచి ఉంచుతారు, గాలి కోసం గొట్టం పెడతారు. పెద్ద వెలుగు కనిపిస్తుంది, చల్లని నీళ్ళు పారుతున్నట్టు, కాస్త ఒత్తినట్టు ఉంటుంది, నొప్పి సాధారణంగా ఉండదు, ఉంటే చెప్పాలి. దగ్గు వచ్చినా, కాలు లాగినా ముందు నోటితో చెప్పాలి, చెయ్యి ముఖం దగ్గరికి రాకూడదు. మీ అమ్మగారికి తెలుగు ఒక్కటే వచ్చి ఆపరేషన్ చెన్నైలోనో, విదేశంలోనో జరుగుతుంటే, "కదలకండి", "వెలుగునే చూడండి" అని తెలుగులో చెప్పే మనిషి లోపల ఉంటారేమో ముందే అడిగి పెట్టుకోండి. ఇంటికి వెళ్ళే ముందు లెన్సు పేరు, పవరు, క్రమసంఖ్య ఉన్న స్టిక్కరు కార్డు మీద అంటించి ఇస్తారు, దానిని ఆధార్ కార్డుతోపాటు భద్రపరచండి.

మొదటి నెల

మొదటి రోజు ఇసుక పడినట్టు గరగరలాడటం, నీళ్ళు కారడం సహజం. కొన్ని రోజులు రంగులు నీలంగా, వెలుగు మరీ ఎక్కువగా అనిపించవచ్చు. పసుపుబారిన లెన్సులోంచి ఏళ్ళ తరబడి చూసిన కంటికి అది కొత్తగా తోస్తుంది. నిద్రలో చెయ్యి తగలకుండా కవచం పెట్టుకోవాలి. తలస్నానం, బరువులు ఎత్తడం, కట్టెలపొయ్యి పొగ, పొలం దుమ్ము, ఈత డాక్టరు ఒప్పుకునే వరకు మానాలి. గడ్డం కింది నుంచి స్నానం చేసి, ముఖాన్ని శుభ్రమైన తడిగుడ్డతో తుడుచుకుంటే సరిపోతుంది.

పథ్యం గురించి ఇంటింటా ఒక పట్టిక ఉంటుంది: పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ, గోంగూర తింటే కన్ను దురదపెడుతుందని. వీటికి ఆధారం లేదు. షుగరు, బీపీ పథ్యం ఎప్పటిలాగే పాటిస్తూ, మామూలు భోజనం చేయవచ్చు. వారం రోజులు చారన్నంతో నీరసించిపోయే పెద్దవాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

భయపడవలసిన సూచనలు వేరే ఉన్నాయి. నొప్పి తగ్గే బదులు పెరగడం, ఎరుపు ఎక్కువ కావడం, నిన్న కనిపించినంత ఈ రోజు కనిపించకపోవడం, చీము కారడం, మెరుపులు మెరిసినట్టు లేదా ఒక పక్క నుంచి నల్లని తెర దిగినట్టు అనిపించడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లవారే వరకు ఆగకుండా ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి వెళ్ళాలి, మందుల షాపులో చుక్కలు అడిగి వేసుకోకూడదు. కంటి లోపల ఇన్ఫెక్షన్ చాలా అరుదు, మంచి ఆసుపత్రుల్లో వెయ్యిమందిలో ఒకరికి కూడా రాదు. వచ్చినప్పుడు మాత్రం గంటల తేడాలో చూపు దక్కడమో పోవడమో జరుగుతుంది.

కళ్ళద్దాల పవరు నిలకడగా తేలడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, అంతకు ముందే ఖరీదైన అద్దాలు చేయించకండి. కొన్ని నెలలకో, ఏళ్ళకో చూపు మళ్ళీ మసకబారితే శుక్లం తిరిగి వచ్చిందని కంగారుపడవద్దు. లెన్సును పట్టి ఉంచే వెనుక పొర మందమైతే అలా జరుగుతుంది, యాగ్ లేజరుతో కోత లేకుండా కొద్ది నిమిషాల్లో దానిని సరిచేస్తారు.

రెండో కన్ను

ఒక కంటికి చేయించాక రెండింటి పవరుల మధ్య తేడా వల్ల మెట్లు దిగేటప్పుడు, గ్లాసులో నీళ్ళు పోసేటప్పుడు అంచనా తప్పవచ్చు. ఆ రోజుల్లో మెట్ల దగ్గర దీపం వేసి ఉంచండి, అవసరమైతే చెయ్యి అందించండి. రెండో కంటికి శుక్లం ఉంటే మొదటిది కుదుటపడిందని డాక్టరు చూసి చెప్పిన తరువాత, సాధారణంగా కొన్ని వారాల ఎడంతో, తేదీ తీసుకోవచ్చు. వెళ్ళేటప్పుడు మొదటి కంటి లెన్సు కార్డు, ఆపరేషన్ తరువాత తేలిన కళ్ళద్దాల పవరు, ఆ రోజు ఏ మందు పడలేదో, ఎక్కడ ఇబ్బంది కలిగిందో రాసుకున్న కాగితం తీసుకువెళ్ళండి. మొదటి కంటిలో లెక్క ఏ కొంచెం అటూ ఇటూ అయినా దానిని చూసి సర్జన్ రెండో కంటి లెన్సు పవరును సవరించుకోగలుగుతారు.